పరిశోధన పత్రాల్లో సహరచయితల అభిప్రాయభేదాలు

ఇద్దరో అంతకు మించినవారో కలిసి ఒక పరిశోధన పత్రం రాసినప్పుడు, అందులో ఎవరి పేర్లు ఉండాలి, ఏ వరుసలో ఉండాలి, ఫలితాలకు ఏ అర్థం చెప్పాలి, ఏ పత్రికకు ఎప్పుడు పంపాలి అనే విషయాల్లో వారి మధ్య తలెత్తే వివాదాలను సహరచయితల అభిప్రాయభేదాలు అంటారు. ఇవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి శాస్త్ర విషయానికి సంబంధించినది, అంటే ఒకే దత్తాంశాన్ని ఇద్దరు రెండు విధాలుగా అర్థం చేసుకోవడం. రెండోది పేరుకూ దానివల్ల వచ్చే ప్రయోజనానికీ సంబంధించినది. మొదటి రకాన్ని దాచకుండా అచ్చులో కనిపించనివ్వడం శాస్త్రానికి మేలు చేస్తుంది. రెండో రకాన్ని పని మొదలయ్యే నాటికే తేల్చుకోవాలి. ఆచరణలో ఎక్కువగా దీనికి విరుద్ధంగా జరుగుతూ ఉంటుంది: శాస్త్ర విషయంలో ఉన్న భేదాన్ని మర్యాద కోసం మింగేస్తారు, పేర్ల సంగతిని చివరి రోజు దాకా ఎత్తరు.

పాయింట్ల లెక్క

ఈ వివాదాలను వ్యక్తుల స్వభావానికి ఆపాదించడం పరిపాటి అయినా, భారతీయ విశ్వవిద్యాలయాల్లో వీటి మూలం చాలావరకు ఉద్యోగ నిబంధనల్లోనే ఉంది. హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ఇందుకు మంచి ఉదాహరణ. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్‌టీయూ) 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయాక, హైదరాబాద్ జేఎన్‌టీయూ ప్రధాన ప్రాంగణం కూకట్‌పల్లిలోనే కొనసాగింది. దానికి అనుబంధంగా ఉన్న ఇంజనీరింగ్ కళాశాలల అధ్యాపకులు, పూర్తికాలపు స్కాలర్లు, హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలు చేస్తూ పీహెచ్‌డీకి చేరినవారు, అందరికీ పేపర్ అవసరమే. అయితే ఆ అవసరం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2016లో చేసిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథం సమర్పించేలోగా స్కాలర్ కనీసం ఒక పత్రాన్ని రిఫరీడ్ పత్రికలో, అంటే నిపుణుల పరిశీలన జరిగే పత్రికలో ప్రచురించాలి, రెండు పత్రాలను సదస్సుల్లో చదవాలి. 2022 నిబంధనల్లో ఈ తప్పనిసరి నియమాన్ని తొలగించారు కానీ, సొంత నియమాలు పెట్టుకునే స్వేచ్ఛ విశ్వవిద్యాలయాలకు ఉంది. ఉద్యోగ నియామకాల్లో పేపర్ల విలువా తగ్గలేదు. అందువల్ల స్కాలర్‌కు పేపర్ అంటే పట్టా చేతికి రావడమూ, ఆపై ఉద్యోగమూ. గైడ్‌కు, అంటే పరిశోధన పర్యవేక్షకులకు, పదోన్నతి.

అధ్యాపకుల నియామకాలు, పదోన్నతుల కోసం యూజీసీ 2018లో చేసిన నిబంధనల్లో పరిశోధన స్కోరు అనే లెక్క ఉంది. నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్‌గా చేరడానికి 75, ప్రొఫెసర్‌గా చేరడానికి 120 పాయింట్లు కావాలి. విజ్ఞాన, ఇంజనీరింగ్ శాస్త్రాల్లో ఒక పేపర్ మూల విలువ 8 పాయింట్లు, భాషలు, సామాజిక శాస్త్రాల్లో 10; పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి, అంటే ఆ పత్రికలోని వ్యాసాలను ఇతరులు సగటున ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే కొలతను బట్టి, ఇది పెరుగుతుంది. రచయితలు ఇద్దరే అయితే ఒక్కొక్కరికి విలువలో 70 శాతం దక్కుతుంది. ఇద్దరికి మించితే మొదటి లేదా ప్రధాన లేదా కరస్పాండింగ్ రచయితకు 70 శాతం, మిగిలిన ప్రతి ఒక్కరికీ 30 శాతం. పత్రికతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపే బాధ్యత గల వ్యక్తిని కరస్పాండింగ్ రచయిత అంటారు.

ఈ సూత్రాన్ని కాగితం మీద వేసి చూస్తే వివాదం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. 8 పాయింట్ల పేపర్‌ను స్కాలర్, గైడ్ ఇద్దరే రాస్తే చెరి 5.6 పాయింట్లు వస్తాయి. మూడో పేరు చేరగానే మొదటి పేరు గల వ్యక్తి 5.6 దగ్గరే ఉంటాడు, రెండో వ్యక్తి ఒక్కసారిగా 2.4కు పడిపోతాడు. అంటే మూడో వ్యక్తి రాకతో నష్టపోయేది రెండో వ్యక్తి ఒక్కడే. ఆ తర్వాత నాలుగో పేరు, ఐదో పేరు, ఆరో పేరు చేరినా అప్పటికే ఉన్నవారికి పావు పాయింటు కూడా తగ్గదు, కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ 2.4 జమ అవుతుంది. పని చేయనివారి పేరు మర్యాద కోసమో మొహమాటం కోసమో చేర్చే అలవాటుకు, అంటే గౌరవ రచయితృత్వానికి, ఇంతకన్నా అనువైన లెక్క ఉండదు. పైగా మొదటి రచయిత, ప్రధాన రచయిత, కరస్పాండింగ్ రచయిత ముగ్గురూ వేరువేరు వ్యక్తులైతే 70 శాతం ఎవరిదన్నది ఆ నిబంధన తేల్చి చెప్పదు. స్కాలర్ పేరు ముందు వేసి, కరస్పాండింగ్ స్థానాన్ని గైడ్ ఉంచుకునే ఏర్పాటు చాలా విభాగాల్లో సామరస్యంగా సాగుతున్నా, పదోన్నతి ఫైలు కదిలే సమయానికి అదే గొడవకు దారి తీయవచ్చు.

ఫిస్క్, సుబ్బారావు

తెలుగువారి విజ్ఞాన చరిత్రలో సహరచయితల సంబంధం గురించి ఆలోచించడానికి అన్నిటికన్నా గట్టి ఆధారం యల్లాప్రగడ సుబ్బారావు జీవితం. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల తొలినాళ్లలో అమెరికా చేరిన సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధనకు కుదిరాడు. 1925లో ఇద్దరి పేర్లతో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వచ్చిన పత్రం, రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వివరించింది. నమూనాకు ఆమ్లంలో కలిపిన మాలిబ్డేట్ ద్రావణాన్ని చేర్చి, ఆపైన ఒక క్షయకరణి వేస్తే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం ఈ నీలం ఆలస్యంగా తేలడం గమనించి, అక్కడ అస్థిరమైన భాస్వర సమ్మేళనం ఉందని వారు పట్టుకున్నారు. అదే 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో కండరం, కాలేయాల భాస్వర సమ్మేళనాలపై ఇద్దరూ ప్రచురించిన పత్రంతో ఏటీపీ అనే శక్తివాహక అణువు వెలుగులోకి వచ్చింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని స్వతంత్రంగా ప్రకటించాడు.

ఈ పత్రాలన్నిటిలో ఫిస్క్ పేరు ముందు, సుబ్బారావు పేరు తర్వాత కనిపిస్తాయి. అది పదవి వరుసా, పని వరుసా, అక్షరక్రమమా అన్నది పేర్లను బట్టి చెప్పలేము, ఎందుకంటే సుబ్బారావు అన్న పేరు తీసుకున్నా, యల్లాప్రగడ అన్న ఇంటిపేరు తీసుకున్నా ఆంగ్ల అక్షరక్రమంలో ఫిస్క్ తర్వాతే వస్తుంది. ఎవరు ఏ ప్రయోగం చేశారో, ఏ ఆలోచన ఎవరికి తట్టిందో పత్రంలో చెప్పే సంప్రదాయం అప్పటికి లేదు. అదే విభాగంలో విద్యార్థిగా ఉండి, 1988లో నోబెల్ బహుమతిని పంచుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో ఒక బాధాకరమైన సంగతి చెప్పాడు: సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఏళ్ల తరవాత ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని, ఫిస్క్ వాటిని బయటికి రానివ్వకపోవడమే అందుకు కారణమని, దాని వెనుక అసూయ ఉన్నట్టు తోస్తుందని. ఇది పక్కనుంచి చూసిన ఒక సాక్షి మాట. హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన అధ్యాపక పదవి దక్కలేదన్నది, 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లిపోయాడన్నది మాత్రం నిర్వివాదం.

ఈ ఉదంతంలో గుర్తించవలసినది ఏమంటే, సహరచయితల భేదం పేర్ల వరుసకే పరిమితం కాదు. ప్రచురించకుండా ఆపగల అధికారం కూడా ఒక రచయిత చేతిలో ఉంటుంది, అది పేరు వెనక్కి నెట్టడం కన్నా లోతైన దెబ్బ. వరుస తప్పితే తర్వాతి తరం దిద్దుకోగలదు; ప్రయోగశాలల్లో భాస్వరాన్ని కొలిచే ఆ పద్ధతిని ఇవాళ్టికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని ఇద్దరి పేర్లతో పిలుస్తారు. అచ్చు కాని పత్రాన్ని దిద్దడానికి ఎవరికీ వీలుండదు.

లెడర్లీలో సుబ్బారావు స్వయంగా పరిశోధన విభాగానికి నాయకుడైనప్పుడు జరిగినది ఇంకా ఆలోచింపజేస్తుంది. ఫోలిక్ ఆమ్లం నిర్మాణం, సంశ్లేషణలను వెల్లడించిన 1946 నాటి సైన్స్ పత్రంలో 16 మంది రచయితలు ఉన్నారు. పేర్లు రెండు జట్లుగా, ఏ జట్టుకు ఆ జట్టు అక్షరక్రమంలో ఉంటాయి. నాయకుడి పేరు మొదటా లేదు, చివరా లేదు. మొదటి జట్టులో తన అక్షరం వచ్చిన చోట, ఏడో స్థానంలో ఉంది. పేరు కోసం పెనుగులాట లేని ఏర్పాటు అధికారం గలవారు తలచుకుంటే సాధ్యమేనని చూపడానికి ఈ పత్రం చాలు.

వరుస సంప్రదాయాలు

పేర్ల వరుసకు అన్ని శాస్త్రాల్లోనూ ఒకే అర్థం లేదు. గణితంలో అక్షరక్రమమే ఆనవాయితీ, అందువల్ల మొదటి పేరుకు అక్కడ ప్రత్యేక విలువ లేదు. జీవశాస్త్రాల్లో మొదటి పేరు ప్రయోగాలు చేసిన యువ పరిశోధకులది, చివరి పేరు ప్రయోగశాల అధిపతిది. కణ భౌతికశాస్త్రంలో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై 2015లో వచ్చిన పత్రానికి 5,154 మంది రచయితలు ఉన్నారు, అక్కడ వరుస గురించి పోట్లాడుకోవడంలో అర్థమే ఉండదు. గణిత విభాగంలో చదువుకున్న వ్యక్తి, జీవసాంకేతిక విభాగంలో చదువుకున్న వ్యక్తి కలిసి ఒక పత్రం రాస్తే, ఇద్దరూ మంచివారే అయినా ఒకరికి మామూలుగా తోచిన వరుస రెండోవారికి అన్యాయంగా కనిపిస్తుంది. ఇంటిపేరు ముందు రాసే తెలుగువారి అలవాటు మరొక చిక్కు తెస్తుంది. ఒకే వ్యక్తి పేరు ఒక పత్రికలో ఇంటిపేరు కింద, ఇంకో పత్రికలో పొడి అక్షరాలతో, వేరొకచోట అసలు పేరు కింద నమోదవుతుంది. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే అంతర్జాతీయ పరిశోధక సంఖ్య ఈ గందరగోళాన్ని కొంత తగ్గించింది.

కొందరు ఈ సమస్యను ముందే మాట్లాడుకుని దాటేశారు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమోస్ ట్వెర్స్కీ, డేనియల్ కానెమన్ తమ మొదటి పత్రానికి నాణెం ఎగరేసి వరుస నిర్ణయించుకున్నారు, తర్వాత వంతులు వేసుకున్నారు. ఇంగ్లండ్ గణితజ్ఞులు హార్డీ, లిటిల్‌వుడ్ కొన్ని దశాబ్దాలు కలిసి పనిచేయడానికి నాలుగు ఒప్పందాలు పెట్టుకున్నారని గణితజ్ఞుడు హరాల్డ్ బోర్ చెప్పాడు. ఒకరికొకరు రాసుకున్నది తప్పైనా ఒప్పైనా పట్టింపు లేదని, వచ్చిన ఉత్తరం చదవాలన్న నిర్బంధం గానీ జవాబివ్వాలన్న నిర్బంధం గానీ లేదని, ఇద్దరూ ఒకే వివరం మీద తలపట్టుకోనక్కరలేదని, ఒకరు ఏమీ చేయకపోయినా పత్రం ఇద్దరి పేరే వెలువడుతుందని. తెలుగు సాహిత్యంలో జంటకవుల సంప్రదాయం ఈ చివరి ఒప్పందానికి బాగా దగ్గర. దివాకర్ల తిరుపతిశాస్త్రి మరణించాక కూడా చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలను తిరుపతి వేంకట కవుల పేరనే వెలువరించాడు. ఎవరి పద్యం ఎవరిదని పాఠకుడు అడగని చోట అటువంటి ఔదార్యం శోభిస్తుంది. పరిశోధన పత్రంలో మాత్రం తప్పు దొర్లితే జవాబు చెప్పవలసిన వ్యక్తి ఎవరో తెలియాలి కాబట్టి, ఆ పద్ధతిని ఇక్కడికి తెచ్చుకోవడం కుదరదు.

శాస్త్ర విషయంలో భేదం

ఫలితాల అర్థం విషయంలో సహరచయితలు విభేదించినప్పుడు దాన్ని పైకి రానివ్వకపోతే ఎంత నష్టం జరుగుతుందో చెప్పడానికి లాన్సెట్ ఉదంతం ప్రసిద్ధం. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు ఇచ్చే టీకాను ఆటిజంతో ముడిపెట్టేలా ఆండ్రూ వేక్‌ఫీల్డ్‌తో కలిపి 13 మంది పేర్లతో 1998లో ఆ పత్రికలో ఒక పత్రం వచ్చింది. రచయితల్లో 10 మంది 2004లో ఆ అన్వయాన్ని తాము ఉపసంహరించుకుంటున్నామని ప్రకటించారు, 2010లో పత్రిక మొత్తం పత్రాన్నే రద్దు చేసింది. ఈ పన్నెండేళ్ల ఆలస్యంలో టీకాల మీద పెరిగిన అపనమ్మకం ఆ తర్వాత కూడా తొలగిపోలేదు. సహరచయితగా సంతకం పెట్టడమంటే ముగింపు వాక్యాలకు కూడా బాధ్యత వహించడమన్న గ్రహింపు బలపడటానికి ఇటువంటి ఉదంతాలు దోహదం చేశాయి.

విభేదాన్నే పద్ధతిగా మలిచిన ప్రయత్నాలూ ఉన్నాయి. ఒక ప్రశ్నపై ఎదురుబొదురు వాదనలు గలవారు కలిసి ప్రయోగాన్ని రూపొందించి, ఏ ఫలితం వస్తే ఎవరి వాదం వీగిపోతుందో ముందే ఒప్పుకుని, మధ్యవర్తి సమక్షంలో నిర్వహించే విధానాన్ని కానెమన్ ప్రత్యర్థుల సహకారం అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. రాల్ఫ్ హెర్ట్‌విగ్‌తో ఆయన ఇలా చేసిన పత్రం 2001లో వెలువడింది, మధ్యవర్తిగా ఉన్న బార్బరా మెల్లర్స్ మొదటి రచయితగా. ప్రయోగాలు పూర్తయ్యాక కూడా ఇద్దరి మధ్య భేదం కొంత మిగిలే ఉంది. అది అచ్చులోనూ కనిపిస్తుంది. మామూలు పత్రాల్లో అంత ఏర్పాటు అక్కరలేదు. చర్చ భాగంలో రెండు అన్వయాలనూ పక్కపక్కన రాసి, ఏ కొత్త దత్తాంశం వస్తే ఏది నిలుస్తుందో చెబితే సరిపోతుంది. అది కూడా కుదరనప్పుడు, ముగింపుతో ఏకీభవించని వ్యక్తి తన పేరు తీసేయమని కోరే హక్కు కలిగి ఉంటాడు, అప్పుడు అతని పనిని కృతజ్ఞతల్లో అతని అనుమతితో పేర్కొనాలి.

నియమాలు, పరిష్కార మార్గాలు

వైద్య పత్రికల సంపాదకులు 1978లో కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై మొదలుపెట్టిన అంతర్జాతీయ సంఘం రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు చెబుతుంది. పథకంలోనో దత్తాంశ సేకరణలోనో విశ్లేషణలోనో గణనీయమైన పాత్ర ఉండాలి; పత్రం రాయడంలో లేదా దాన్ని లోతుగా సవరించడంలో పాలు పంచుకోవాలి; తుది ప్రతికి ఆమోదం తెలపాలి; 2013లో చేర్చిన నాలుగో షరతు ప్రకారం పత్రంలోని ఏ భాగంపై ప్రశ్న వచ్చినా దాన్ని తేల్చే బాధ్యత స్వీకరించాలి. నాలుగూ ఉంటేనే రచయిత. నిధులు తెచ్చినంత మాత్రాన, విభాగానికి అధిపతి అయినంత మాత్రాన రచయిత కారు. ఈ షరతుల్లో ఒక మెలిక ఉంది. పని చేసిన స్కాలర్‌కు చిత్తుప్రతి చూపకుండా ఉంచితే రెండో షరతు, మూడో షరతు అతనికి నెరవేరవు, ఆ వంకతో పేరు తీసేయవచ్చు. అందుకే మొదటి షరతు నెరవేర్చిన ప్రతి ఒక్కరికీ మిగిలినవి నెరవేర్చే అవకాశం కల్పించాలని ఆ సంఘం స్పష్టంగా చెప్పింది.

క్రెడిట్ అనే వర్గీకరణ 2014 నుంచి వాడుకలోకి వచ్చింది. ఆలోచన, పద్ధతి, సాఫ్ట్‌వేర్, విశ్లేషణ, దత్తాంశ నిర్వహణ, తొలి చిత్తు, సవరణ, పర్యవేక్షణ, నిధుల సమీకరణ మొదలైన 14 పాత్రల్లో ఎవరు ఏది నిర్వహించారో పత్రం చివర రాస్తారు. వరుస ఒక్కటే అన్నీ చెప్పాలన్న బరువు దీనితో తగ్గుతుంది. పర్యవేక్షణ తప్ప మరే పాత్రా లేని పేరు అందరికీ కనిపిస్తుంది కూడా.

వివాదం ముదిరాక సంపాదకులను ఆశ్రయించడం వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. 1997లో ఏర్పడి, ప్రచురణ నైతికతపై పత్రికలకు మార్గదర్శకంగా ఉన్న కోప్ అనే సంస్థ, సంపాదకుడు న్యాయనిర్ణేత కాడని, పేర్ల వివాదాన్ని రచయితల సంస్థలే తేల్చాలని చెబుతుంది. రివ్యూయర్ల వ్యాఖ్యలకు జవాబుగా సవరించిన ప్రతి పంపే దశలో కొత్త పేరు చేరితే, పత్రిక కార్యాలయం నుంచి ఒక ఫారం వస్తుంది. పాత వరుస, కొత్త వరుస, మార్పుకు కారణం రాసి, తొలగించిన వ్యక్తితో సహా అందరూ సంతకాలు చేయాలి. ఒక్కరు నిరాకరించినా పరిశీలన ఆగిపోతుంది. కంప్యూటర్ శాస్త్ర సదస్సుల్లో పలుచోట్ల గడువు దాటాక పేర్లు మార్చనే మార్చరు. చట్టం వైపు చూసినా ఉపశమనం తక్కువే: 1957 కాపీరైట్ చట్టం ఒకరి భాగాన్ని మరొకరి భాగం నుంచి విడదీయలేని రచనను ఉమ్మడి రచనగా నిర్వచించింది గానీ, పేర్ల వరుస గురించి చెప్పలేదు.

హైటెక్ సిటీ సంస్థల్లో పనిచేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసేవారికి మరో పక్షం కూడా తోడవుతుంది. 2022 నిబంధనల ప్రకారం వారు యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. దత్తాంశం సంస్థదైతే ప్రచురణకు సంస్థ అనుమతి, అక్కడి మేనేజర్ పేరు అనే ప్రశ్నలు వస్తాయి, ఇవి గైడ్‌కు ఆలస్యంగా తెలుస్తాయి. కాబట్టి మొదటి చిత్తు కన్నా ముందే, ఎవరు ఏ పని చేస్తారు, ఆ పని మారితే వరుస ఎలా మారుతుంది, ఎవరైనా మధ్యలో తప్పుకుంటే ఏమిటి, దత్తాంశం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ఒక పేజీలో రాసి, అందరికీ ఈమెయిల్ చేయడం అవసరం. గైడ్‌ను నోరు తెరిచి అడగడానికి జంకే స్కాలర్‌కు ఆ ఈమెయిలే రక్ష. దీన్ని ప్రారంభించవలసిన బాధ్యత అధికారం ఉన్న గైడ్‌దే.

అది కూడా విఫలమైనప్పుడు వెళ్లడానికి స్కాలర్‌కు ఒక చోటు ఉండాలి. యూజీసీ 2018లో గ్రంథచౌర్యం నివారణకు చేసిన నిబంధనలు ప్రతి విభాగంలోనూ, ప్రతి సంస్థలోనూ విద్యా నిజాయితీ మండళ్లను ఏర్పరచమన్నాయి. కానీ అక్కడ శిక్షలు పోలిక శాతాల మీద, 10, 40, 60 అనే గీతల మీద ఆధారపడి ఉంటాయి. పేరు తొలగించడం, పని చేయని పేరు చేర్చడం, పత్రాన్ని తొక్కిపట్టడం ఏ సాఫ్ట్‌వేర్ లెక్కకూ అందవు. విభాగ స్థాయి మండలికి విభాగాధిపతే అధ్యక్షుడు కాబట్టి, అదే విభాగపు గైడ్‌పై స్కాలర్ అక్కడ ఫిర్యాదు చేయడం కష్టం. సంస్థ స్థాయి మండలిలో మాత్రం బయటి సంస్థకు చెందిన సభ్యుడు ఒకరు తప్పక ఉండాలని నిబంధన ఉంది. సహరచయితల వివాదాలను వినే అధికారం ఆ మండలికి రాతపూర్వకంగా ఇవ్వడం, విచారణ ముగిసేదాకా స్కాలర్‌కు వేరే గైడ్‌ను చూపడం విశ్వవిద్యాలయాలు ఇప్పుడున్న వ్యవస్థలోనే చేయగల పనులు. అవి వెంటనే చేయాలి.